నాలుగో లీవరు

పోయిన వారం ఒక పరీక్ష పెట్టి వదిలేశాం. ఎవరికి, ఎందుకు అన్నది మరోసారి చెప్పుకుందాం. వీధి మొగలో తాళాలు బాగుచేసే కొట్టు నడిపే తాళాలమ్మ దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఎనిమిది నెలల కిందట పోయిన తాళాలమ్మ తండ్రికి తానూ కూతుర్నేననీ, తన నాలుగేళ్ళప్పుడే ఆయన దూరమయ్యాడనీ అంది. వేరే ఊళ్ళో కట్టుడు పళ్ళు తయారుచేసే పని ఆవిడది. అందుకని తాళాలమ్మ మనసులోనే ఆవిడకి పళ్ళావిడ అని పేరు పెట్టేసుకుంది. పళ్ళావిడ అడిగింది ఒక్కటే, ఓడలో వంటవాడిగా బతికిన ఆ తండ్రి మంచం కింద వదిలిపోయిన రేకుపెట్టె. దానికి రెండు తాళాలు. "ఎవరైనా అడుగుతూ వస్తే ఇచ్చెయ్యి, నువ్వు మాత్రం తెరవకు" అని పోయేముందు ఆయన తాళాలమ్మచేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. పళ్ళావిడ సంచిలోంచి ఒక తాళంచెవి తీసి చూపించింది. తాళాలమ్మ దాన్ని ముట్టుకోలేదు. "తాళంచెవులు నేను రోజుకి పాతిక కోస్తానండీ. అది నాకు సాక్ష్యం కాదు. ఆదివారం వచ్చి, మా నాన్న చేసే కీమా బిళ్ళలు సాసులో వండి చూపించండి. చేతి అలవాటుకి నకలుండదు," అంది. పళ్ళావిడ సరేనంది.

చెప్పిన ఆదివారం, చెప్పిన పదకొండు గంటలకే, పళ్ళావిడ మెట్లెక్కి వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన జోడుగా పెట్టి, తాళంచెవి బల్లమీద ఒక మూల ఉంచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఏప్రన్ అడిగింది. తాళాలమ్మ తన కొట్టులో వాడే నీలం గుడ్డే ఇచ్చింది. దానికి నూనె మరకలున్నాయి. పళ్ళావిడ వాటిని చూసి చిన్నగా నవ్వి కట్టుకుంది.

"అన్నీ బల్లమీద ఉన్నాయి," అంది తాళాలమ్మ. "కీమా, ఉల్లిపాయలు, రొట్టె, పాలు, గుడ్డు, టమాటా గుజ్జు, వెన్న. ఇంకేం కావాలన్నా అడగండి. ఎలా చెయ్యాలో మాత్రం అడక్కండి."

"అడగనండీ," అంది పళ్ళావిడ.

బల్లకి ఆ చివర తాళాలమ్మ తల్లి కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఈ వారం రోజులూ ఆవిడ ఈ విషయం మీద పెదవి విప్పలేదు. తాళాలమ్మ ఎన్నిసార్లు కదిపినా, "నీ పరీక్ష, నీ ఇష్టం" అని ఊరుకుంది. మామూలుగా అయితే ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నదాని మీద కూడా అరగంట మాట్లాడే మనిషి. అంత మౌనం చూసి తాళాలమ్మ, మా అమ్మకి ఈవిడ రావడం ఇష్టంలేదు కాబోలు అనుకుంది. అలా అనుకోవడం తాళాలమ్మకి ధైర్యాన్నే ఇచ్చింది.

నిజానికి తాళాలమ్మకి ధైర్యం ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో తలుపు గడియ పడిపోయి బయట నిలబడిపోయిన వాళ్ళందరూ ఆవిడ పేరే తలుచుకున్నారు. బ్యాంకు మేనేజరైనా సరే, స్నానాల గదిలో ఇరుక్కున్న ముసలాయనైనా సరే, ఆవిడ సంచి భుజాన వేసుకుని వస్తే పని అయిపోయినట్టే. పరీక్ష కూడా ఆవిడ అలాగే కట్టింది. చవకరకం తాళంలో చెవి తిప్పితే లేచే రేకు, అదే లీవరు, ఒక్కటే ఉంటుంది, దాన్ని పిన్నీసుతో లేపేయొచ్చు. మంచి తాళంలో నాలుగుంటాయి. నాలుగూ సరైన ఎత్తుకి ఒకేసారి లేస్తేనే గడియ కదులుతుంది. మూడు లేచి ఒకటి లేవకపోయినా తాళం తాళమే. నాన్న వంటలో కూడా ఆవిడ అలాంటి గుర్తులు నాలుగు ఎంచుకుని, ఒక కాగితం మీద రాసి, నడుము దగ్గర దోపుకుంది. అమ్మకి కూడా చూపించలేదు.

పెట్టె ఇచ్చేయడం పెద్ద పని కాదు. ఇద్దరు మనుషులు పట్టుకుని కిందికి దింపితే సరిపోతుంది. కానీ ఈవిడ నిజంగా ఆయన కూతురే అయితే, చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని "నా దగ్గర నీకు తెరుచుకోని గది లేదే" అన్న మనిషి ఒక నిండు మనిషిని దాచిపెట్టాడన్నమాట. అదీ తాళాలమ్మ మింగలేకపోతున్నది. ఈవిడ ఓడిపోవాలని ఆవిడ గట్టిగా కోరుకుంది. ఆ కోరికకి సిగ్గు కూడా పడింది. అయినా కోరుకుంది.

పళ్ళావిడ ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెన్నలో గోధుమరంగు వచ్చేదాకా వేయించి, పళ్ళెంలో పరిచి కిటికీ గట్టుమీద ఆరబెట్టింది. అలా పెడుతూ కిటికీలోంచి వీధిలోకి ఒకసారి తొంగిచూసింది. ఎదురు వరస దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చాకలి షాపు ముందు ఒక చిన్న తెల్ల వ్యాను ఆగి ఉంది. పళ్ళావిడ చూపు దానిమీద ఒక క్షణం నిలిచి వెనక్కి వచ్చింది. భయపడుతోంది, పారిపోయే దారి చూసుకుంటోంది అనుకుంది తాళాలమ్మ.

తర్వాత రొట్టె. తాళాలమ్మ కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. పళ్ళావిడ రొట్టె ముక్కల అంచులు చాకుతో కోసింది. మెత్తటి తెల్లభాగం పక్కన పెట్టేసి, గట్టి అంచుల్ని చిన్నచిన్నగా తుంచి పాలలో వేసింది.

"అదేంటండీ, మెత్తటిది వదిలేసి గట్టిది వేస్తున్నారు?" అంది తాళాలమ్మ, ఏమీ తెలియనట్టు.

"మా ఇంట్లో ఇలాగేనండీ. ఓడలో మెత్తటి భాగం కెప్టెన్ గారి బల్లకి పోయేదట. అంచులు కీమాలోకి. మా అమ్మకి ఆయనే నేర్పించాడు. అమ్మ నాకు నేర్పింది."

బంగాళాదుంప తొక్క ఒకటి తెగకుండా పొడుగ్గా బల్లమీదికి జారింది. అమ్మ తల ఎత్తలేదు.

మొదటి లీవరు లేచింది. సరే, అది చాలామందికి తెలిసి ఉండొచ్చు, ఒకే ఓడలో పనిచేసిన వాళ్ళు వందమంది ఉంటారు అని తాళాలమ్మ సర్దిచెప్పుకుంది.

పళ్ళావిడ కీమాలో ముందు ఉప్పు మాత్రమే వేసి, జిగురు వచ్చేదాకా పిసికింది. అప్పుడు ఉల్లిపాయలు, నానిన రొట్టె, గుడ్డు, మిరియాల పొడి. ఆవిడ వేళ్ళు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. రోజంతా మైనంతో దవడల అచ్చులు తీసే వేళ్ళు మరి, ఎక్కడ ఎంత నొక్కాలో వాటికి తెలుసు. ఒక ముద్ద తీసుకుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి కొట్టడం మొదలుపెట్టింది. లోపలి గాలి పోవడానికి అలా ఎవరైనా కొడతారు. కానీ ఎవరైనా పదిసార్లో పదిహేనుసార్లో లెక్కపెట్టి ఆపుతారు. నాన్న లెక్కపెట్టేవాడు కాదు, వినేవాడు. మొదట తడిగా చప్ చప్ మంటుంది. గాలి పోయాక గట్టిగా టప్ మంటుంది. ఆ టప్ వినపడితే చాలు అక్కడ ఆపేసేవాడు.

పళ్ళావిడ తల కొంచెం పక్కకి వంచింది. చప్ చప్ చప్. చప్. టప్. ఆపేసింది.

రెండోది కూడా లేచింది.

"మీకు ఓపిక బాగా ఉందండీ," అంది తాళాలమ్మ.

"కట్టుడు పళ్ళలో ఒక్క గాలిబుడగ ఉన్నా మొత్తం పగిలిపోతాయండీ. ఓపిక లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది."

ఇంకో రోజైతే తాళాలమ్మ ఈ మాటకి పకపకా నవ్వేది. ఈ మనిషి అంటే ఇష్టం కలుగుతోందని తెలిసి ఆవిడకి తనమీద తనకే ఒళ్ళుమండింది.

పళ్ళావిడ మూడు బిళ్ళలు చేసింది. అరచెయ్యంత వెడల్పు, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట. గిన్నెలో ఇంకా పిడికెడు కీమా మిగిలింది. ముగ్గురికి సరిపోయి పిడికెడు మిగిలేలా తూచి పెట్టింది తాళాలమ్మే. నాలుగో గుర్తు దాంట్లోనే ఉంది మరి. పళ్ళావిడ ఆ మిగిలినదాన్ని చూసింది, గిన్నెమీద పళ్ళెం మూత పెట్టింది, పక్కకి జరిపింది.

"ఇది రేపటికి పనికొస్తుందండీ," అంది.

తాళాలమ్మ నడుము దగ్గర దోపుకున్న కాగితం మీద చెయ్యి వేసింది. తొందరపడకూడదు, పెనం మీదికి వెళ్ళేదాకా చూడాలి అనుకుంది.

లోతు పెనం వేడెక్కింది. బిళ్ళలు సుయ్యిమని పడ్డాయి. రెండు వైపులా గట్టి పెచ్చు కట్టాక, పళ్ళావిడ వాటిని పళ్ళెంలోకి తీసి, అదే పెనంలో అంటుకుపోయిన మాడు మీద టమాటా గుజ్జు, గరిటెడు సూపు నీళ్ళు, చెంచా పంచదార, కాస్త పుల్లటి నల్ల సాసు పోసి గరిటెతో గీకింది. ఇల్లంతా వాసన నిండిపోయింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో లేని వాసన అది. నాన్న పోయాక ఎవరూ ఈ వంట చెయ్యలేదు. తాళాలమ్మ కళ్ళు చెమర్చాయి, ఉల్లిపాయలు ఎప్పుడో వేగిపోయాయి కాబట్టి వాటిమీద నెట్టడానికి కూడా వీల్లేదు.

బిళ్ళల్ని మళ్ళీ పెనంలో పెట్టింది పళ్ళావిడ. సాసు వాటి నడుము దాకానే వచ్చింది. సూపు నీళ్ళ గిన్నెలో ఇంకా ఉన్నాయి. పళ్ళావిడ పొయ్యలేదు.

"మునగలేదండీ," అంది తాళాలమ్మ.

"మునగక్కర్లేదండీ. పైనుంచి చెంచాతో పోసుకుంటూ ఉంటే సరిపోతుంది. ఓడ ఊగుతుంది కదా, నిండుగా పోస్తే స్టవ్వంతా పాడవుతుంది."

"ఇల్లు ఊగదు కదండీ."

"నిజమే," అని నవ్వింది పళ్ళావిడ. "ఆ మాట నేనూ మా అమ్మని అడిగాను. ఏమోనే, ఆయన అలాగే చెప్పాడు అంది."

తాళాలమ్మ కూడా అడిగింది ఆ మాట, ఏడేళ్ళప్పుడు, ఇదే వంటగదిలో. "ఇల్లు ఊగదని నా చేతికి తెలీదే" అన్నాడు నాన్న.

మూడోది లేచింది. పళ్ళావిడ చెంచాతో సాసు తీసి బిళ్ళలమీద పోస్తోంది. అలవాటు సరైనదే కానీ చెయ్యి వేరు. నాన్న అయితే పెనం పిడిమీద గుడ్డని రెండు మడతలు వేసి పట్టుకుని, పెనాన్ని ఎడమపక్కకి వంచి, ఒక మూల చేరిన సాసుని తోడి పోసేవాడు. పోసిన ప్రతిసారీ చెంచాని పెనం అంచుమీద రెండుసార్లు టింగు టింగుమని కొట్టేవాడు. తాళాలమ్మ వీటిని గుర్తుల్లో కలపలేదు. ఒకరు చెప్తే ఇంకొకరికి వచ్చే విషయాలు కావవి, పక్కన నిలబడి చూస్తేనే వస్తాయి. నాలుగేళ్ళప్పుడు తండ్రికి దూరమైన పిల్లని వాటిమీద పరీక్షించడం అన్యాయం. తాళాలమ్మ గట్టిదే కానీ అన్యాయస్థురాలు కాదు.

పది నిమిషాలయ్యాక పళ్ళావిడ స్టవ్వు ఆపి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, ఇటు తిరిగి నిలబడింది.

"అయిందండీ."

తాళాలమ్మ లేచి పెనంలోకి చూసింది. మూడు బిళ్ళలు. మూడే.

"మూడు గుర్తులు సరిపోయాయండీ," అంది నెమ్మదిగా. "నేను కాదనను. నాలుగోది లేదు. నాలుగూ లేవకపోతే నేను తాళం తెరుచుకుందని అనను. క్షమించండి. పెట్టె ఇవ్వలేను."

పళ్ళావిడ ముఖం పాలిపోయింది. "సరేనండీ. ఒప్పుకునే వచ్చాను కదా. తినేసి వెళ్తాను, మరి వండి తినకుండా వెళ్తే మా అమ్మ ఊరుకునేది కాదు. నాలుగోది ఏంటో మాత్రం చెప్తారా? లేకపోతే నాకు నిద్రపట్టదు."

తాళాలమ్మ కాగితం తీసి బల్లమీద పెట్టింది. "ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని బిళ్ళలు చేసేవాడు. మిగిలిన పిడికెడుతో ఎప్పుడూ ఒక బుల్లి బిళ్ళ చేసి పెనం అంచున పెట్టేవాడు. భోజనాలప్పుడు దాన్ని ఎవరికీ వడ్డించేవాడు కాదు. పొద్దున నా స్కూలు డబ్బాలోకి వెళ్ళేది. మా నాన్న చెయ్యి అంటే అదే. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళయితే అది మానరు."

"నీ మొహం," అంది అమ్మ.

ఇద్దరూ అటు తిరిగారు. అమ్మ చాకు పక్కన పెట్టి, ఒడిలో తొక్కలు దులుపుకుంది.

"ఆ పిల్ల ఎందుకు చేస్తుందే? ఆ బిళ్ళ ఆ పిల్లదే. తన వాటా తనే ఎలా తీసిపెట్టుకుంటుంది?"

తాళాలమ్మ కాగితాన్ని మళ్ళీ తన వైపు లాక్కుంది.

"పెళ్ళికి ముందే చెప్పాడు నాకు," అంది అమ్మ. "మొదటి సంసారం నిలవలేదనీ, నాలుగేళ్ళ కూతురుందనీ, వాళ్ళమ్మ మళ్ళీ గుమ్మం తొక్కొద్దందనీ. దాచలేదు నా దగ్గర. మనింట్లో మొదటిసారి ఈ వంట చేసినప్పుడు ఆ బుల్లిది చేసి అంచున పెట్టాడు. ఇదేంటండీ అంటే, దానికి ఇంతే పడుతుంది, పెద్దది పెడితే వదిలేస్తుంది అన్నాడు. ఏళ్ళు గడిచాయి. నీకు ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ అమ్మాయికి ఇంకా ఎక్కువే వచ్చి ఉంటాయి. ఆయన మాత్రం ఆ బిళ్ళని ఒక్క వేలెడు కూడా పెంచలేదు. ఆయన లెక్కలో ఆ పిల్లకి నాలుగేళ్ళే."

పళ్ళావిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. అమ్మ లేచి వెళ్ళి, ఎత్తుకి అందకపోయినా, ఆవిడ తల లాక్కుని తన భుజంమీద పెట్టుకుంది.

"ఊరుకో తల్లీ. ఊరుకో."

తాళాలమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. మొత్తం పరీక్ష తలకిందులుగా కట్టింది తను. ఎవరి కోసం దాచిన ముద్దో వాళ్ళనే ఆ ముద్ద దాచలేదేమని నిలదీసింది. ఇరవై ఏళ్ళ వృత్తిలో ఇంత తప్పు ఎప్పుడూ చెయ్యలేదు. నాన్న మీద కోపం రావాలి, వస్తుందనే అనుకుంది. రాలేదు. అంచున ఒంటరిగా ఉడికే ఆ బుల్లి బిళ్ళ గుర్తొచ్చి ఆయన మీద జాలేసింది.

"వారం రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నావే అమ్మా! ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే వినేదానివా నువ్వు? మా అమ్మది మెత్తటి మనసు, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది అనేదానివి. నీ పరీక్ష నీ చేతులతోనే పూర్తి చెయ్యనిద్దామని ఊరుకున్నాను. పైగా ఆయనకి మాటిచ్చాను, ఆ పిల్ల తనంతట తను గుమ్మం ఎక్కేదాకా చెప్పనని."

తాళాలమ్మ రెండు నిమిషాలు పైటకొంగు నలిపింది. తప్పు ఒప్పుకోవడానికి ఆవిడకి అంతకంటే ఎక్కువ సమయం పట్టదు. నేరుగా పళ్ళావిడ ముందుకొచ్చి నిలబడింది.

"తప్పు నాది. పెట్టె నీది. అక్కా అని పిలవడం నాకు కొత్త, నోరు తిరిగేదాకా కాస్త ఓర్చుకో."

పళ్ళావిడ ఏడుస్తూనే నవ్వింది. ముక్కు ఎర్రబడి, ఒక పక్కకి వంకరగా వచ్చిన ఆ నవ్వు నాన్నదే. ఆవిడ కొట్టుకి వచ్చిన రోజు నుంచీ తాళాలమ్మ ఆ నవ్వుని ఎదురుగా చూడకుండా తప్పించుకుంది.

అమ్మ పళ్ళాలు తెచ్చింది. తాళాలమ్మ కాగితం నలిపి చెత్తబుట్టలో పడేయబోయి ఆగింది. తన రాత తనే మళ్ళీ చదువుకుంది. 'ఒక చిన్న బిళ్ళ.' ఏదో సరిపోలేదు. స్కూలు డబ్బా గుర్తొచ్చింది. మూతకి ఎర్రటి చేప బొమ్మ ఉన్న డబ్బా, అయిదో తరగతిలో కొన్నది. అందులో ఒకటి కాదు. ఒకదాని పక్కన ఒకటి.

"అమ్మా, ఒకటి కాదు. రెండు."

"ఏంటి రెండు?"

"బుల్లి బిళ్ళలు. చిన్నప్పుడు ఒకటే. నాకు పదేళ్ళొచ్చాక రెండు చెయ్యడం మొదలుపెట్టాడు. పోయేదాకా రెండే చేశాడు."

"ఆ, రెండోది నీ కోసం అనుకున్నాను."

"నాకు పెద్దదే పెట్టేవాడుగా. నీ పళ్ళెంలో ఎంతుంటే నాదాంట్లో అంత. రెండోది నాదెలా అవుతుంది?"

అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. అంతా తెలుసన్న ధీమా ఆవిడ ముఖంలోంచి మొదటిసారి జారిపోయింది. "నాతో ఒక్క కూతురనే చెప్పాడే," అంది.

పళ్ళావిడ కుర్చీలో కూలబడింది. "నీకు పదేళ్ళంటే ఇప్పటికి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై ఎనిమిది."

"అయితే ఉత్తరం అందిందన్నమాట," అంది పళ్ళావిడ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత తలెత్తింది. "ఆయన వెళ్ళిపోయేనాటికి మా అమ్మ కడుపుతో ఉంది. ఆయనకి తెలీదు. అమ్మ పంతంకొద్దీ చెప్పలేదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరో ఈ ఊరి అడ్రసు ఇస్తే, నీకొక కొడుకున్నాడు, పదిహేనేళ్ళవాడు అని ఒక్క ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. అందలేదేమో అని నేను. అంది ఉంటుంది, అక్కర్లేకపోయింది అని వాడు. అప్పట్నుంచి ఆయన పేరెత్తితే వాడు గదిలోంచి లేచిపోతాడు. పోయిన నెల పేరూ ఊరూ లేని కవర్లో ఈ తాళంచెవి వచ్చింది, మీ అడ్రసు చీటీతో. ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. వ్యానులో నన్ను దింపరా అని బతిమాలితే వచ్చాడు. పైకి మాత్రం రానన్నాడు."

తాళాలమ్మ కిటికీ దగ్గరికి నడిచింది. తెల్ల వ్యాను. పారిపోయే దారి అనుకుంది తను.

ఇక ఆవిడకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్నెమీద మూత తీసి, మిగిలిన పిడికెడు కీమాని రెండు ముద్దలు చేసింది. చప్ చప్ చప్, టప్. రెండూ చిన్న మూకుట్లో ఎర్రగా కాల్చి, పెద్ద పెనంలో అంచున పక్కపక్కనే సర్ది, స్టవ్వు వెలిగించింది. తర్వాత కిటికీ రెక్క తోసి, వీధంతా వినపడేలా కేకేసింది.

"ఇదిగో, వ్యానాయనా! పైకి రండి. మీ వాటా ఉడుకుతోంది!"

"రాడు," అంది పళ్ళావిడ.

"తలుపులు తీయించడం నా వృత్తి అక్కా. నువ్వూ ఒక మాట వెయ్యి."

పళ్ళావిడ కిటికీలోంచి వంగింది. "ఒరేయ్ తమ్ముడూ! ఆయనకి ఉత్తరం అందిందిరా! ఇరవై ఎనిమిదేళ్ళు నీకు కూడా తీసిపెట్టాడట్రా!"

వ్యాను తలుపు తెరుచుకుంది. నలభై దాటిన మనిషి దిగి, తల ఎత్తి చూశాడు. నోరు తెరుస్తాడనీ, నమ్మలేకపోతాడనీ అనుకుంది తాళాలమ్మ. ఆ ముఖంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు. దొరికిపోయిన మనిషిలా తల దించుకుని వీధి దాటాడు.

మెట్లమీద అడుగులు నెమ్మదిగా వచ్చాయి. గుమ్మంలో చెప్పులు విడిచి, అక్క చెప్పుల పక్కన పెట్టాడు. అమ్మకి చేతులు జోడించాడు. స్టవ్వుమీద సాసు మరీ ఎక్కువగా తుకతుకలాడుతోంది, ఎవరూ చూడలేదు. అతను చూశాడు. రెండడుగులు వేసి మంట తగ్గించాడు. కొక్కేనికి ఉన్న గుడ్డ తీసి రెండు మడతలు వేసి పిడి పట్టుకున్నాడు. పెనాన్ని ఎడమపక్కకి వంచాడు. మూలన చేరిన సాసుని చెంచాతో తోడి ఆ రెండు బుల్లి బిళ్ళలమీద పోశాడు. చెంచాని పెనం అంచుమీద రెండుసార్లు కొట్టాడు.

టింగు టింగు.

తాళాలమ్మ స్టవ్వు దగ్గరికి వచ్చి అతని చేతినే చూసింది. అక్కది విని నేర్చుకున్న చెయ్యి. ఇతనిది చూసి నేర్చుకున్న చెయ్యి. ఈ విషయంలో తనని ఎవరూ మోసం చెయ్యలేరు.

"నువ్వు మా నాన్న పక్కన నిలబడి వండావు," అంది. "ఎప్పుడు?"

అతను చెంచా కింద పెట్టాడు. చొక్కా జేబులోంచి ఒక తాళంచెవి తీసి, బల్లమీద, అక్క తెచ్చిన తాళంచెవి పక్కన పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకేలా పాతబడ్డవి. పెట్టెకి రెండు తాళాలు.

"ఆ కవరు పోస్టులో వేసింది నేనేనక్కా," అన్నాడు, అక్క వైపు చూడలేక. "పోయేముందు ఆయనే ఇచ్చి వేయమన్నాడు. పేరు రాయొద్దన్నాడు. వెయ్యడానికి నాకు ఇన్ని నెలలు మనసొప్పలేదు."

"నువ్వు ఆయన్ని కలిశావా?" పళ్ళావిడ తమ్ముడి వైపు తిరిగింది. "నాకు చెప్పకుండా? ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు. సరుకు దింపడానికి వారం వారం ఈ ఊరి రేవుకి వస్తానుగా. రేవు వెనక డ్రైవర్ల గదిలో ఒక స్టవ్వుంది. మంగళవారాలు."

అమ్మ చేతిలోని పళ్ళెం బల్లకి ఠంగున తగిలింది. చివరి రెండేళ్ళూ ప్రతి మంగళవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రేవుకెళ్ళి ఓడలు చూసొస్తాననేవాడు. సాయంత్రం తిరిగొచ్చి ఆకలి లేదనేవాడు. మంగళవారం మంగళవారం వండింది అలాగే మిగిలిపోతుంటే, నా వంట మొహం మొత్తిందా అని ఆవిడ ఎన్నిసార్లు చాటుగా కళ్ళు తుడుచుకుందో ఆవిడకే తెలుసు.

"అందుకా ఆయన మంగళవారాలు భోజనం వద్దనేవాడు!" అంది అమ్మ.

కుర్చీ ఒకటి బరబరా లాగి అతని ముందు వేసింది. పెనంలోంచి బుల్లి బిళ్ళ ఒకటి తీసి పళ్ళెంలో పెట్టి, సాసు పోసి, చెంచా పక్కన పెట్టింది. రెండు తాళంచెవుల్నీ గుప్పిట్లోకి తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

"కూర్చో నాయనా. పెట్టె సంగతి తర్వాత. మొదటి మంగళవారం దగ్గర్నుంచి చెప్పు."